ఇటలీ నుంచి రెండు బాటిళ్ల రెడ్ వైన్ తేవాలి, ఏది కొనాలో కాస్త చెప్పండి

తోతాపురి_చిత్తూరు:

అందరికీ నమస్కారం. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. గుజ్జు నింపే కొత్త మిషన్ ఒకటి ఇటలీలో పార్మా అనే ఊళ్లో తయారవుతోంది, పంపించే ముందు ఒకసారి నడిపి చూపిస్తారట, అది చూసి రమ్మని మా సార్ నన్ను పంపుతున్నారు. పది రోజులు. మిషన్ గురించి నాకేం టెన్షన్ లేదు, పద్దెనిమిదేళ్లుగా అదే పని. టెన్షన్ అంతా సార్ చివర్లో అన్న ఒక్క మాటతోనే వచ్చింది. "అంత దూరం పోతా ఉండావు కదా, మంచి ఇటాలియన్ రెడ్ వైన్ రెండు బాటిళ్లు పట్టుకురా" అన్నారు. మంచిది అంటే ఏది సార్ అని అడిగితే "నువ్వు క్వాలిటీ వాడివి కదరా, నీకు తెలీదా" అని నవ్వి పెట్టేశారు.

ఒక బాటిల్ ఆయనకే. వచ్చే నెల అరవై నిండుతున్నాయి, పూజలన్నీ అయిన మరుసటి రోజు తోటలో దగ్గరి వాళ్లకు మాత్రం నాటుకోడి, రాగి సంగటి భోజనాలు, అప్పుడు తీస్తారట. రెండోది బెంగళూరులో ఆయన స్నేహితుడికి. ఆ పెద్దాయనకు వైన్ బాగా తెలుసంట, ఇంట్లో ప్రత్యేకంగా ఒక ఫ్రిజ్ కూడా ఉందంట. నాకు భయం ఆయనతోనే. రెండిటికీ కలిపి పన్నెండు వేల దాకా పెట్టుకోమన్నారు.

నా అనుభవం ఎంతంటే, ఒకసారి బెంగళూరు హోటల్లో ఎవరో గ్లాసులో పోసిచ్చారు, రెండు గుక్కలు తాగాను, పచ్చి నేరేడు కాయ కొరికినట్టు నోరంతా పట్టేసింది, పక్కన పెట్టేశాను. అంతే. ఇప్పుడు నెట్‌లో చదివితే బరోలో, బార్బరెస్కో, బ్రునెల్లో, బార్బెరా, కియాంతి అని వస్తున్నాయి. ఇందులో ఏది కంపెనీ పేరు, ఏది పండు పేరు, ఏది ఊరి పేరు అనేది కూడా అర్థం కావడం లేదు. మా ఆవిడ ఒకటే మాట చెప్పింది, ఆ సీసాలు దేవుడి గది ఉన్న వైపు పెట్టొద్దని. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. నవ్వకండి.

టొరినో_మదనపల్లె:

నవ్వేది ఏముందన్నా, నువ్వు అడిగిన "ఏది పండు, ఏది ఊరు" అనేదే అసలు ప్రశ్న. నేను పుట్టింది మదనపల్లె, తొమ్మిదేళ్లుగా టొరినోలో ఉద్యోగం, బరోలో వాళ్ల తోటలు మా ఇంటి నుంచి కారులో గంట, గంటంబావు. ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ ఏమీ తెలీదు, మా టీమ్‌లో ఒక పెద్దాయన నేర్పించాడు.

నువ్వు మామిడి మనిషివి కాబట్టి మామిడితోనే చెబుతా. తోతాపురి అంటే రకం పేరు. బంగినపల్లి అంటే? అది బనగానపల్లె, ఊరి పేరు, పండుకు అతుక్కుపోయింది. వైన్ కూడా అంతే. బరోలో ఊరి పేరు, బార్బరెస్కో ఊరి పేరు. రెండింట్లోనూ పండు ఒకటే, నెబ్బియోలో అని, ఆల్బా అనే టౌను చుట్టూ ఉండే గుట్టల మీద పండుతుంది. బ్రునెల్లో డి మొంతల్చీనో అంటే మొంతల్చీనో ఊరి బ్రునెల్లో, పండు సాంజొవేజె. కియాంతి ప్రాంతం పేరు, అందులోనూ ముఖ్యంగా సాంజొవేజె. బార్బెరా మాత్రం పండు పేరే, కాబట్టి బార్బెరా దాల్బా అంటే ఆల్బా బార్బెరా. కొన్ని చోట్ల బాగా తికమక పెడతారు: మొంతెపుల్చానో దాబ్రుత్సో అంటే అందులో మొంతెపుల్చానో ద్రాక్ష పేరు, అదే వీనో నోబిలె డి మొంతెపుల్చానో అంటే టస్కనీలో ఒక ఊరి పేరు, పండు మళ్లీ సాంజొవేజె. ఇక్కడ పుట్టినవాళ్లే తడబడతారు, నువ్వేం బాధపడకు.

కంపెనీ పేరు, అంటే తయారు చేసినవాడి పేరు, వేరేగా ఉంటుంది. నన్నడిగితే చూడాల్సింది అదే. మీ పల్ప్ లైన్‌లో కూడా చిత్తూరు తోతాపురి అని రాసిన డ్రమ్ములన్నీ ఒకటేనా చెప్పు.

ఇప్పుడు ఊరి పేరు పెట్టుకుంటే ఏం రూల్స్ అంటావా. సీసా మెడ మీద మూత పక్కన ఒక కాగితం పట్టీ అంటించి ఉంటుంది, నంబరుతో సహా, డీఓసీజీ అని. డీఓసీ అనే పద్ధతి 1963లో చట్టంగా వచ్చింది, దాని మీద ఇంకో మెట్టు డీఓసీజీ. బరోలో, బార్బరెస్కో, బ్రునెల్లో మూడింటికీ 1980లో ఇచ్చారు. ఆ పట్టీ ఉందంటే పండు ఎక్కడిది, ఎన్ని నెలలు ఆగాలి అనేవి నియమం ప్రకారం జరిగాయని. బరోలో కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 చెక్క పీపాలో. బార్బరెస్కోకు 26 నెలలు, అందులో 9 పీపాలో. బ్రునెల్లో అయితే పంట కోసిన తర్వాత ఐదో ఏడాది జనవరి దాకా అమ్మడానికే లేదు. అయితే పట్టీ ఉంది కాబట్టి రుచి బాగుంటుందని మాత్రం కాదు. మీ గుజ్జు డ్రమ్ముకు లాట్ నంబర్ ఉన్నంత మాత్రాన గుజ్జు బాగుంటుందా? దొరికిపోతారు అంతే.

ఆ బెంగళూరు పెద్దాయనకు నా సలహా బార్బరెస్కో. బరోలో అందరూ తెచ్చేదే, దాని పేరుకే పది యూరోలు ఎక్కువ పోతాయి. బార్బరెస్కో ఊళ్లో ప్రొదుత్తోరి దెల్ బార్బరెస్కో అని రైతుల సహకార సంఘం ఉంది. 1958లో ఆ ఊరి చర్చి ఫాదర్ పందొమ్మిది మంది చిన్న రైతులను కూడగట్టి పెట్టించాడు, మొదటి వైన్ చర్చి కింద గదిలోనే తయారు చేశారు. ఇప్పటికీ నెబ్బియోలో తప్ప ఇంకోటి ముట్టరు. మన పాల సంఘం లాంటిదే అనుకో, కాకపోతే పెద్ద పెద్ద వైన్ మనుషులు కూడా దీన్ని గౌరవిస్తారు. మామూలు బార్బరెస్కో 30 నుంచి 40 యూరోల మధ్యలో దొరుకుతుంది. మంచి ఏడాది వస్తే తొమ్మిది తోటలవి విడివిడిగా రిజర్వా అని తీస్తారు, అవి ఇంకా ఎక్కువ. వైన్ తెలిసిన మనిషి ఆ లేబుల్ చూస్తే, కొన్నవాడు అడిగి కొన్నాడని అర్థమైపోతుంది.

ఒక జాగ్రత్త. నెబ్బియోలో రంగు పలచగా ఉంటుంది, గ్లాసు అవతల వేళ్లు కనిపిస్తాయి, అది చూసి నీళ్లు కలిపారనుకోవద్దు. తాగితే మాత్రం నువ్వు చెప్పిన పచ్చి నేరేడు కాయ పక్కాగా గుర్తొస్తుంది. ఇంగ్లీషులో టానిన్ అంటారే, అది మన వగరు.

పీలేరు_పెదనాన్న:

అంత దూరం పోయి సీసాలు మోసుకొచ్చే బదులు పార్మాలోనే చీజ్ ఉంటుంది, పార్మజానో, అది తెస్తే ఇంటిల్లిపాదీ తింటారు కదబ్బాయ్. సార్‌కు అరవై వస్తున్నాయి, అరవైలో వైన్ ఏంది. ఇంకో సంగతి, ఇటలీలో కల్తీ వైన్ తాగి జనం చచ్చిపోయారని ఎప్పుడో పేపర్లో చదివిన గుర్తు. నిజమా కాదా?

టొరినో_మదనపల్లె:

పెదనాన్నా, నిజమే. 1986లో. చవక వైన్‌లో ఆల్కహాల్ శాతం పెంచడానికి మిథనాల్ అనే విషం కలిపారు, ఇరవై మందికి పైగా చనిపోయారు, కొందరికి కళ్లు పోయాయి. ఆ దెబ్బకు ఎగుమతులు పడిపోయాయి, ప్రభుత్వం తనిఖీలు గట్టి చేసింది, ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ "ఆ ఏడాది ముందు, ఆ ఏడాది తర్వాత" అని చెప్పుకుంటారు. ఇప్పుడు షాపులో పట్టీ ఉన్న సీసా కొంటే ఆ భయం లేదు.

చీజ్ సంగతికి వస్తే, పార్మజానో రెజ్జానో తయారీలో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు, అది వాళ్ల రూల్. ఇంట్లో శాకాహారులుంటే చెప్పి పెట్టండి. నేను చెప్పకుండా పెట్టి మా అత్తగారితో ఒక నెల మాటల్లేకుండా ఉన్నాను.

తోతాపురి_చిత్తూరు:

అన్నా చాలా థాంక్స్, బంగినపల్లి లెక్క చెప్పగానే తలలో లైటు వెలిగింది. మరి సార్ బాటిల్‌కు కూడా బార్బరెస్కోనే తీసుకోనా? ఆయన మామూలుగా విస్కీ మనిషి, వైన్ ఏడాదికి ఒకసారి. కియాంతి మీద కోడిపుంజు బొమ్మ ఉంటుందని చదివాను, నాటుకోడి భోజనానికి కోడి బొమ్మ బాటిల్ అంటే సార్ సంతోషిస్తారనిపించింది.

టొరినో_మదనపల్లె:

హహ, అది కియాంతి క్లాసికో. ఉత్త కియాంతి వేరు, కియాంతి క్లాసికో వేరు, నల్ల కోడిపుంజు ముద్ర క్లాసికోకే ఉంటుంది. ఫ్లోరెన్స్, సియెనా ఊళ్ల మధ్య సరిహద్దు తగాదా వచ్చి, తెల్లారి కోడి కూయగానే రెండు వైపుల నుంచి గుర్రాలు బయలుదేరాలి, ఎక్కడ కలిస్తే అక్కడ హద్దు అనుకున్నారట. ఫ్లోరెన్స్ వాళ్లు నల్ల కోడిని ఆకలితో మాడ్చి పెడితే అది తెల్లారకముందే కూసింది, వాళ్ల గుర్రం దాదాపు సియెనా దాకా పోయింది. కథే అనుకో, కానీ మన పొలం గట్టు తగాదాలు గుర్తొచ్చాయి నాకు.

కొనొచ్చు, తప్పు లేదు. లేబుల్ మీద క్లాసికో, పైన రిజర్వా, దాని పైన గ్రాన్ సెలెజియోనె అని మూడు మెట్లుంటాయి, చివరిది 2014లో పెట్టారు. అయితే నాటుకోడి పులుసు ముందు నెబ్బియోలో గానీ సాంజొవేజె గానీ పెట్టాలా అనేది నాకంటే అక్క బాగా చెబుతుంది. అక్కా, ఉన్నావా?

బైరాగిపట్టెడ_అక్క:

ఉన్నాను, వంట అయ్యి ఇప్పుడే కూర్చున్నా. తెలీనివాళ్ల కోసం చెబుతున్నా, నేను హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఆరేళ్లు ఓడల్లో రెస్టారెంట్‌లో చేశాను, ఇప్పుడు తిరుపతిలో క్యాటరింగ్. ఓడలో సగం మంది ఇటలీ వాళ్లే, కాబట్టి కాస్త తెలుసు.

తమ్ముడూ, నువ్వు ముందు చూడాల్సింది బాటిల్ కాదు, ప్లేటు. నాటుకోడి పులుసులో ఎండుమిరపకాయ, మిరియాలు, ధనియాల కారం ఉంటుంది. వగరు ఎక్కువున్న వైన్‌కు కారం తగిలితే వగరు ఇంకా చేదెక్కుతుంది, ఆల్కహాల్ ఎక్కువున్న వైన్‌కు తగిలితే నోరు మండిపోతుంది. అందుకే అమరోనె జోలికి అసలు పోవద్దు, ఎవరైనా షాపులో "ఇది చాలా గొప్పది" అని చూపిస్తారు. అది వెరోనా వైపు వైన్, కోసిన ద్రాక్షను మూణ్నాలుగు నెలలు బుట్టల్లో, తట్టల్లో ఆరబెట్టి, దాదాపు ఎండుద్రాక్షగా అయ్యాక పిండుతారు. మన తాండ్రలో తీపి గట్టిపడినట్టు అందులోనూ గట్టిపడి ఆల్కహాల్ 15, 16 శాతం దాకా పోతుంది. చలికాలంలో చీజ్ ముక్కతో అద్భుతం. మే నెలలో తోటలో సంగటి ముద్దతో అయితే సార్ చొక్కా విప్పేస్తారు.

సార్‌కు బార్బెరా తీసుకో. బార్బెరా దాల్బా గానీ బార్బెరా దాస్తి గానీ. వగరు తక్కువ, పులుపు ఎక్కువ, రంగు చిక్కగా ముదురు ఎరుపు. చింతపండు పడిన కూరకు పులుపు లేని వైన్ పోస్తే చప్పగా నీళ్లలా ఉంటుంది, బార్బెరా నిలబడుతుంది. విస్కీ తాగేవాళ్లు కూడా ఇది బాగుందే అంటారు, నేను చూశాను. 15, 20 యూరోలు పెడితే చాలా మంచిది వస్తుంది. సుపీరియోరె అని లేబుల్ మీద ఉంటే ఇంకొంచెం ఎక్కువ రోజులు ఆగినది. సార్‌కు ధర చెప్పకు, అంతే.

ఇంక అసలు సంగతి, మన ఎండ. తిరుపతిలో మే నెలలో ఇంట్లోనే 36, 38 ఉంటుంది. వైన్‌కు 12 నుంచి 15 డిగ్రీలు కావాలి, అదీ మారకుండా. మా అన్నయ్య ఒకసారి బరోలో తెచ్చిచ్చాడు, 2010 సంవత్సరంది, ఆ ఏడాది చాలా పేరున్న పంట. "దాచుకో, పదేళ్లయినా ఉంటుంది" అన్నాడు. నిజమే, అక్కడ వాళ్ల నేలమాళిగలో అయితే ఇరవై ఏళ్లు ఉంటుంది. నేను పడగ్గదిలో బీరువా పైన అటక మీద పెట్టాను, పిల్లలకు అందదని. రెండు వేసవికాలాలు దాటాక తీద్దామని చూస్తే కార్క్ ఒక పక్కకు ఉబ్బి మూత రేకు పైకి లేచి ఉంది, మెడ మీద జిగటగా ఎర్రటి చార. తీసి పోస్తే రంగు ఇటుకలా అయిపోయింది, వాసన ఉడికిన చింతపండు, తాగితే పాతబడిన ద్రాక్ష జామ్. ఏడవలేక దాన్ని కోడి కూరలో పోశాను, కూర కూడా బాగాలేదు. అందుకే చెబుతున్నా, ఎంత గొప్ప బాటిలైనా మన ఊళ్లో దాచుకోవడానికి కొనొద్దు. తాగడానికి కొను. తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో కింద కూరగాయల అరలో అడ్డంగా పడుకోబెట్టు, నెల రెండు నెలలకు ఏమీ కాదు. బెంగళూరు ఆయనకు వైన్ ఫ్రిజ్ ఉంది కాబట్టి ఆయన దాచుకుంటాడు, బార్బరెస్కో అలాంటి వాళ్లకే సరి.

తాగే రోజు అరగంట ముందు బయట పెట్టాలి, అంతే. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలని అందరూ చెబుతారు, అది వాళ్ల రూము, రాతి గోడల ఇల్లు, 16, 18 డిగ్రీలు. మన రూమ్ టెంపరేచర్‌లో పోస్తే కషాయమే.

మరిచిపోకుండా కార్క్ తీసేది ఒకటి అక్కడే కొను, మడిచే చాకులా ఉంటుంది, ఐదారు యూరోలు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కార్క్ ముక్కలు ముక్కలై వైన్‌లో పడతాయి.

కోలార్_రోడ్డు_కారు:

నేను బెంగళూరు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు వేస్తుంటాను, వైన్ తెలీదు గానీ తెచ్చే పద్ధతి చెబుతా. మనిషికి 2 లీటర్ల దాకా మందు గానీ వైన్ గానీ డ్యూటీ లేకుండా తేవచ్చు. ఒక బాటిల్ 750 మిల్లీ లీటర్లు, రెండు కలిపి ఒకటిన్నర లీటరు, ఇబ్బంది లేదు. మూడోది ఆశపడొద్దు, 2 లీటర్లు దాటుతుంది. విదేశీ వైన్ మీద మన దగ్గర కస్టమ్స్ డ్యూటీ ఏళ్ల తరబడి 150 శాతం ఉంటూ వచ్చింది, అందుకే ఇక్కడ అదే బాటిల్ చూస్తే కళ్లు తిరుగుతాయి.

సీసాలు చెక్ఇన్ పెట్టెలోనే పెట్టాలి, చేతి బ్యాగులో 100 మిల్లీ లీటర్లు దాటిన ద్రవం చాలా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ వాళ్లు తీసేస్తారు. ఎయిర్‌పోర్ట్ లోపల డ్యూటీ ఫ్రీలో కొంటే సీల్ కవర్‌లో ఇస్తారు, కానీ మధ్యలో ఇంకో ఎయిర్‌పోర్ట్‌లో దిగి మారితే ఆ కవర్ విప్పకూడదు. ఒక్కో సీసాకు పాత లుంగీ చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో కట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ పెట్టు. ఒకే షాపులో 70 యూరోలు దాటి కొంటే ట్యాక్స్ వాపసు ఫారం అడుగు, పెట్టె చెక్ఇన్‌కు ఇచ్చే ముందే కస్టమ్స్ వాళ్లకు సరుకు చూపించాలి.

ముఖ్యమైంది ఇప్పుడు. బెంగళూరు బాటిల్ బెంగళూరులోనే ఇచ్చేసి రా. పలమనేరు దారిలో మన బార్డర్ దగ్గర పక్క రాష్ట్రం మందు అని ఆపితే వాదించాల్సి వస్తుంది. నీ పాస్‌పోర్ట్, బోర్డింగ్ పాస్, షాపు బిల్లు మూడూ చేతిలో ఉండాలి, పోయే ముందే ఇక్కడ ఎక్సైజ్ ఆఫీసులో ఒక మాట అడిగి కాగితం ఏమైనా కావాలంటే తీసుకో. దిగిన రోజే అటు నుంచి అటే కొండకు పోదామని ఇంట్లోవాళ్లు అంటే మాత్రం వద్దను. తిరుమల మీదికి మందు సుక్క కూడా పోకూడదు, అలిపిరి దగ్గర పెట్టెలన్నీ స్కాన్ చేస్తారు. మా కారులోనే ఒక ఫారిన్ ఫ్యామిలీ మరిచిపోయి తెచ్చారు, ఆ రోజు దర్శనం టైమ్ పోయింది, నాకు సగం రోజు పోయింది.

తోతాపురి_చిత్తూరు:

పార్మా నుంచి రాస్తున్నా. చలి. మిషన్ బాగానే ఉంది, వాల్వ్ ఒకటి మార్చమన్నాను. సాయంత్రం సూపర్‌మార్కెట్‌కు వెళ్తే బరోలో 2019 అని 19 యూరోలకే ఉంది, మెడ మీద పట్టీ కూడా ఉంది. టొరినో అన్న 30, 40 అన్నాడు కదా బార్బరెస్కోనే. ఇంత చవకలో బరోలో అంటే డూప్లికేటా? ఇదే కొనేస్తే సరిపోదా?

టొరినో_మదనపల్లె:

డూప్లికేట్ కాదు. పట్టీ నంబర్ ఉంది, బరోలోనే. బాటిల్ తిప్పి వెనక చిన్న అక్షరాల్లో చదువు. "ఇంబొత్తిల్యాతో ఆల్లోరీజినె" అని ఉంటే పండించి, తయారు చేసినవాళ్లే సీసాలో నింపారని. ఉత్త "ఇంబొత్తిల్యాతో దా" అని ఒక పేరు ఉంటే, చాలా సార్లు అక్కడా ఇక్కడా వైన్ కొని నింపేవాళ్లు. నీకు చెప్పాల్సిన పని లేదు, సొంత తోట కాయతో తీసిన గుజ్జు, మండీలో మిగిలింది సాయంత్రం చవగ్గా కొని తీసిన గుజ్జు, రెండూ తోతాపురే. 2019 మంచి ఏడాదే, కానీ బరోలోలో ఏడాది కంటే చేసినవాడు ముఖ్యం. 2014లాంటి వానల ఏడాదిలో కూడా మంచి చేతివాళ్లు మంచి వైన్ తీశారు.

ఆ బెంగళూరు ఆయన ముందు 19 యూరోల సూపర్‌మార్కెట్ బరోలో పెట్టకు. బరోలో అని చూసి సంతోషిస్తాడు, తర్వాత తయారీ పేరు చూస్తాడు. ఎనోతెకా అని బోర్డు ఉంటుంది, వైన్ మాత్రమే అమ్మే షాపు, అక్కడికి పో. షాపులో నీ గురించి చెప్పు, ఎవరు తాగుతారు, దేనితో తాగుతారు, ఎంత పెడతావు. సిగ్గుపడకు. డబ్బు సంగతి ముందే చెప్పేస్తే వాళ్లకు సులభం.

ఎవరైనా సస్సికాయా చూపిస్తే చూసి దండం పెట్టి పక్కకు రా. 1968 పంటతో అమ్మకం మొదలైంది దానిది, లోపల కబెర్నే అనే ఫ్రెంచ్ ద్రాక్ష, ఇటలీ రెడ్ వైన్ దశ తిప్పింది అదేనని చాలామంది చెబుతారు. కానీ నీ బడ్జెట్‌కు రెండింతలు దాటిపోతుంది.

రేణిగుంట_జంక్షన్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇదంతా చదివి నాకూ ఆశ పుట్టింది, కానీ ఇటలీ పోయే యోగం లేదు. ఇక్కడే దొరికేదాంట్లో ఆ సాంజొవేజె రుచి చూడాలంటే ఏమైనా ఉందా?

బైరాగిపట్టెడ_అక్క:

ఉంది తమ్ముడూ. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రాతెల్లి అని తోటలున్నాయి, ఇటలీ అన్నదమ్ములు, మన దేశం వాళ్లు కలిసి పెట్టారు. వాళ్లు సాంజొవేజె పండిస్తారు, సెత్తె అనే బాటిల్‌లో కబెర్నేతో కలుపుతారు. బెంగళూరు పోయినప్పుడు అడుగు. ఎండలో నిలబెట్టి అమ్మే షాపులో మాత్రం కొనకు, కిటికీలో నిలబెట్టిన బాటిల్ అసలొద్దు.

తోతాపురి_చిత్తూరు:

వచ్చేశాను, అందరికీ అప్‌డేట్ ఇవ్వకపోతే తప్పు.

శనివారం ఎనోతెకా వెతుక్కుని పోయాను. చిన్న షాపు, లోపల ఏసీ కూడా కాదు, మామూలుగానే చల్లగా ఉంది. షాపులో అరవై దాటిన ఒకావిడ. నాకు ఇటాలియన్ రాదు, ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఫోన్‌లో నాటుకోడి పులుసు ఫోటో చూపించాను. ఆవిడ ఫోటో పెద్దది చేసి చూసి, ఎర్రటి నూనె మీద వేలు పెట్టి "పెపెరొంచీనో?" అంది. మిరపకాయే అనుకుని అవునని తలూపాను. ఎంత అన్నట్టు చెయ్యి తిప్పింది. పిడికిలి మూసి చూపించాను, ఇంత అని. ఆవిడ నుదురు కొట్టుకుని నవ్వి, బరోలో అర దాటి లోపలికి పోయి బార్బెరా దాల్బా తీసుకొచ్చి పెట్టింది, అక్క చెప్పిందే. ఇద్దరూ ఒకరికొకరు తెలీదు కదా, నాకు ఒళ్లు జలదరించింది. అది 17 యూరోలు. ప్రొదుత్తోరి పేరు కాగితం మీద రాసి చూపిస్తే ఆవిడ ముఖం మారిపోయింది, ఈ ఎండల దేశం వాడికి ఇదెలా తెలుసు అన్నట్టు. అది 36. మొత్తం 53. 70 దాటలేదు, ఫారం గొడవ లేదు.

ఆవిడ ఊరికే ఒక గ్లాసు లాంబ్రుస్కో పోసిచ్చింది, అది వాళ్ల పార్మా వైపు వైన్, ఎర్రగా ఉంటుంది గానీ నురగ, గ్యాసు, చల్లగా ఇస్తారు. నిజం చెబుతున్నా, గోలీసోడాలో ద్రాక్ష రసం పోసినట్టు ఉంది, వగరు కొంచెమే, గ్లాసు ఖాళీ చేశాను. ధర ఏడు యూరోలు. పెద్ద పెద్ద పేర్లన్నీ నేర్చుకుని చివరికి నాకు నచ్చింది అది. తేవడానికి లెక్క కుదరలేదు, రెండు లీటర్లు.

ఏడు గంటలకు బెంగళూరులో దిగి నేరుగా ఆ పెద్దాయన ఇంటికే పోయాను. ఆయన సీసాకు చుట్టిన లుంగీ విప్పి లేబుల్ చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇది నువ్వే ఎంచుకున్నావా?" అన్నాడు. మా ఊరి వాళ్లు చెప్పారు సార్ అన్నాను. టిఫిన్ తిని పొమ్మని బలవంతం చేశాడు. బార్డర్‌లో ఎవరూ ఆపలేదు, కాగితాలన్నీ డాష్‌బోర్డు మీదే పెట్టుకున్నాను.

సార్ బాటిల్ మా ఫ్రిజ్‌లో కూరగాయల అరలో అడ్డంగా ఉంది, మా ఆవిడ దాని మీద న్యూస్‌పేపర్ కప్పి, పైన కరివేపాకు కట్ట పెట్టింది, ఎవరైనా వస్తే కనబడకూడదంట. భోజనాలు ఎల్లుండి. అక్కా, ఒక్క పొరపాటు జరిగింది. కార్క్ తీసేది కొనడం మరిచిపోయాను. చిత్తూరులో నాలుగు షాపులు తిరిగాను, సోడా ఓపెనర్ చూపిస్తున్నారు. తిరుపతిలో ఎక్కడైనా దొరుకుతుందా?

బైరాగిపట్టెడ_అక్క:

నాకు తెలుసు నువ్వు మరిచిపోతావని. నా దగ్గర రెండున్నాయి. రేపు సాయంత్రం ఆరు లోపల వచ్చి తీసుకుపో, ఆరు దాటితే ఆర్డర్ ఉంది, ఇంట్లో ఉండను. వచ్చేటప్పుడు రెండు కిలోల తోతాపురి తీసుకురా, ఊరగాయకు, బాగా పచ్చివి.